అడవినాభి దుంపలు నవంబరులో నాటాను, ఫిబ్రవరి వచ్చినా మొలవలేదు. బతికున్నాయా?

మిద్దెతోట_అనంత:

అన్నలకు, అక్కలకు నమస్తే. అనంతపురం టౌను, మిద్దె తోట. నర్సరీ నుంచి తెచ్చిన 4 అడవినాభి (అగ్నిశిఖ అనే పూల తీగ) దుంపలు నవంబరు మొదటి వారంలో 10 అంగుళాల ప్లాస్టిక్ కుండీల్లో నాటాను. జింబాబ్వే వాళ్ళ వీడియోలో అక్టోబరు, నవంబరు నాటే నెలలని ఉంటే అదే పట్టుకున్నాను. మట్టి సగం ఎర్రమట్టి, సగం కోకోపీట్ (కొబ్బరిపీచు పొడి). రోజు విడిచి రోజు నీళ్ళు పోస్తున్నాను. ఇప్పుడు ఫిబ్రవరి సగం దాటింది, ఒక్కటీ పైకి రాలేదు.

నిన్న రెండు కుండీలు తవ్వి చూశాను. ఒక దుంప గట్టిగానే ఉంది, మొలక మాత్రం లేదు. రెండోదాంట్లో ఒక కొమ్ము మెత్తబడి గోధుమరంగుకు తిరిగి వాసన వస్తోంది. ఇంకో కొమ్ము గట్టిగా ఉంది గానీ మొన విరిగిపోయింది.

వీటిని కాపాడుకోవచ్చా? మళ్ళీ ఎప్పుడు నాటాలి? పాకడానికి ఏం కట్టాలి? ఇంట్లో నాలుగేళ్ళ పాప ఉంది, కింద మేకలున్నాయి. ఇది విషం అంటున్నారు, ఎంతవరకు నిజం? ఇంకో సందేహం కూడా. ఇది జింబాబ్వే జాతీయ పుష్పం అంటారు, నల్లమలలో ఉండేదీ ఇదే అంటారు. రెండూ ఒకటేనా?

దుంపలమడి_కడప:

ముందు నీళ్ళు ఆపేయండి. మిగతా రెండు కుండీలు కూడా ఈరోజే తవ్వి దుంపలు బయటికి తీయండి. మిగతావన్నీ తీరిగ్గా మాట్లాడుకోవచ్చు, ఇది మాత్రం ఆగేది కాదు.

దుంపలో తప్పు లేదు, వీడియోలోనూ తప్పు లేదు. జింబాబ్వే భూమధ్యరేఖకు దక్షిణాన ఉంది. అక్కడ వానలు నవంబరు నుంచి మార్చి దాకా పడతాయి, ఆ వానలకే అది పూస్తుంది. మన దగ్గర జూన్‌లో లేచి, ఆగస్టు నుంచి అక్టోబరు దాకా పూసి, నవంబరు, డిసెంబరు నాటికి తీగ ఎండి, దుంప మట్టిలో నిద్రపోతుంది. అంటే సరిగ్గా పడుకునే వేళకు మీరు నాటారు. నిద్రలో ఉన్న దుంప నీళ్ళు తాగదు. ఆ తడి పక్కనే నిలిచి, చిన్న గాయం ఉన్నా అక్కడి నుంచి కుళ్ళు మొదలవుతుంది. సగం కోకోపీట్ ఉన్న మట్టి తడిని అసలు వదలదు కాబట్టి నష్టం ఇంకా పెరిగింది.

గట్టిగా ఉన్న దుంప బతికే ఉంది, ఏ అనుమానమూ వద్దు.

కుళ్ళిన దాని సంగతి. ఈ దుంప నాగలి ఆకారంలో రెండు కొమ్ములుగా ఉంటుంది, సంస్కృతంలో లాంగలి అన్న పేరు అందుకే వచ్చింది. ఒక్కో కొమ్ముకు మొలిచే కన్ను ఒక్కటే, అదీ కొసన ఉంటుంది. బంగాళాదుంపకు ఉన్నట్టు ఒళ్ళంతా కళ్ళుండవు. మొన విరిగిన కొమ్ము ఎంత లావుగా, ఎంత గట్టిగా ఉన్నా మొలవదు. కాబట్టి ఆ దుంపలో ఒక కొమ్ము కుళ్ళింది, రెండో కొమ్ముకు కన్ను పోయింది. దాన్ని వదులుకోవాల్సిందే. కొనేటప్పుడు అందరూ లావు చూస్తారు. చూడాల్సింది మొన.

బాగున్న వాటిని తడి బట్టతో తుడవద్దు. మట్టి అంటుకుని ఉన్నా సరే, నీడలో మూడు నాలుగు రోజులు ఆరనివ్వండి. తర్వాత అట్టపెట్టెలో పొడి ఇసుక పరిచి, దుంపలు ఒకదానికొకటి తగలకుండా పేర్చి, పైన ఇంకో రెండు అంగుళాల ఇసుక పోయండి. పాలిథిన్ కవరులో కట్టొద్దు, చెమట పట్టి బూజు వస్తుంది. పెట్టె మిద్దె మీద ఉంచొద్దు. ఏప్రిల్, మే నెలల్లో అనంతపురం మిద్దె కాలిన పెనంలా ఉంటుంది, దుంప ముడుచుకుపోతుంది. కింది గదిలో గాలి ఆడే చీకటి మూల చాలు. 15 రోజులకోసారి చూసి, మెత్తబడినది కనిపిస్తే తీసేయండి.

నాటే వేళ: మే చివరికి మొన కాస్త ఉబ్బి తెల్లగా మెరుస్తుంది. అప్పుడు మృగశిర కార్తె దగ్గరికి వచ్చేసి ఉంటుంది, అంటే జూన్ 7, 8 తేదీలు. క్యాలెండరు కంటే మొననే నమ్మండి. మొన కదలకపోతే ఆరుద్ర దాకా ఆగినా నష్టం లేదు.

కుండీ కనీసం 12 అంగుళాల వెడల్పు, అంతే లోతు ఉండాలి. అడుగున రంధ్రాలు నాలుగైనా కావాలి. మట్టి పాళ్ళు: ఎర్రమట్టి 2, ఏటి ఇసుక 1, బాగా మాగిన దిబ్బ ఎరువు 1. మాగని ఎరువు వేస్తే వేడికి మొన మాడుతుంది. దుంపను అడ్డంగా పడుకోబెట్టి, మొన కాస్త పైకి చూసేలా సర్ది, 2 నుంచి 3 అంగుళాల మట్టి కప్పండి. ఒకసారి నిండా నీళ్ళు పోయండి. మొలక కనపడేదాకా మట్టి పొడిబారితే తప్ప మళ్ళీ పోయొద్దు. మొలవడానికి 3 నుంచి 4 వారాలు పడుతుంది. ఆత్రంతో తవ్వి చూడొద్దు, ఎక్కువ మొనలు అలాగే విరుగుతాయి.

బరువు కూడా చూసుకోండి. 50, 60 గ్రాములున్న దుంప మొదటి ఏడాదే పూస్తుంది. 20 గ్రాముల లోపుది చాలావరకు ఆకులతోనే ఏడాది గడిపి, దుంపను పెంచుకుంటుంది. అది పూయలేదని ఎరువు దండిగా వేయకండి.

ఎర్రచెలక:

ఒక చిన్న మాట అన్నా. అడ్డంగా కాకుండా మొన పైకి ఉండేలా నిలువుగా నాటితే తొందరగా మొలుస్తుంది కదా?

దుంపలమడి_కడప:

విడదీసిన ఒంటి కొమ్మును నిలువుగా పెట్టినా మొలుస్తుంది. రెండు కొమ్ములూ కలిసి ఉన్నప్పుడు నిలువుగా పెడితే ఒక మొన పైకి, ఇంకోటి కిందికి పోతుంది. కిందిది తిరిగి పైకి వచ్చేసరికి సగం బలం అయిపోతుంది. ఇంకో సంగతి, ఏటా పాత దుంప కరిగిపోయి దాని పక్కనే కొత్త దుంప కిందికి ఊరుతుంది. నిలువు దుంప అప్పటికే అడుగు దాకా పోయి ఉంటే కొత్తదానికి చోటుండదు. కుండీలో అడ్డంగా పెట్టడమే మేలు. పొలంలో లోతు ఉంటుంది కాబట్టి అక్కడ అంత పట్టింపు లేదు.

నల్లరేగడి_కర్నూలు:

పెరట్లో నేల మీద పెట్టాలనుకునేవాళ్ళ కోసం రాస్తున్నాను, కర్నూలు వైపు ఎక్కువమందికి నల్లరేగడే ఉంటుంది కాబట్టి.

నల్లరేగడిలో నేరుగా నాటొద్దు. అక్టోబరు తుఫాను వానకు ఆ మట్టి వారం రోజులు నీళ్ళు పట్టుకుంటుంది, కొత్త దుంప ఊరేదీ సరిగ్గా అప్పుడే. అడుగు ఎత్తు, రెండడుగుల వెడల్పు కట్ట కట్టి, ఆ కట్టలో ఎర్రమట్టి, ఇసుక నింపి నాటండి. మొక్కకూ మొక్కకూ ఒకటిన్నర అడుగు ఎడం చాలు.

వేరుశనగ వేసిన చేని మట్టిని దీనికి తేవద్దు. ఈ మాట గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే మన జిల్లాల్లో ఎర్రమట్టి అంటే చాలాసార్లు వేరుశనగ చేని మట్టే ట్రాక్టరులో దిగుతుంది. వేరుశనగలో మొదలు కుళ్ళు తెచ్చే స్క్లెరోషియం బూజు దీని కాండాన్నీ దుంపనూ కూడా పట్టుకుంటుంది. మట్టిని ఆనుకున్న చోట తెల్లని దారపు పోగులు, వాటి మీద ఆవగింజంత గోధుమరంగు గుండ్లు కనిపిస్తే అదే. ఆ గుండ్లు మట్టిలో ఏళ్ళ తరబడి బతుకుతాయి. అలాంటి మొక్కను చుట్టూ ఉన్న మట్టితో సహా తీసి పారేయాలి. కంపోస్టు గుంతలో మాత్రం వేయొద్దు.

ముందు జాగ్రత్తగా దుంపల్ని నాటేముందు లీటరు నీటికి గ్రాము కార్బెండజిమ్ అనే బూజు మందు కలిపి అరగంట ముంచి, నీడలో ఆరబెట్టి నాటండి. మందు వద్దనుకుంటే ట్రైకోడెర్మా విరిడి అనే మేలు చేసే బూజును ఎరువులో కలిపి, తేమగా వారం పదిరోజులు నీడలో ఉంచి, ఆ ఎరువు వాడండి. రెండూ ఒకేసారి వాడితే డబ్బు దండగ. కార్బెండజిమ్ ట్రైకోడెర్మానూ చంపేస్తుంది.

ఆకులు తినే పురుగు ఒకటుంది. నలుపు మీద తెల్లచుక్కలు, ఎర్రచుక్కలతో భలే రంగుగా ఉంటుంది, గుంపుగా వస్తుంది. రెండు రోజులు చూడకపోతే తీగ మొత్తం ఈనెలే మిగులుతాయి. పొద్దున, సాయంత్రం గ్లోవ్స్‌తో ఏరి సబ్బు నీళ్ళలో వేయడమే మంచి మందు. నాలుగు కుండీలకు అంతకుమించి అక్కర్లేదు. ఎక్కువ మొక్కలుంటే లీటరుకు 5 మి.లీ. వేపనూనె, కొంచెం సబ్బు ద్రావణం కలిపి ఆకు అడుగుభాగం తడిచేలా సాయంత్రం కొట్టండి.

తీగలపందిరి:

పాకడం గురించి ఎవరూ రాయలేదు.

అడవినాభి కాండం చుట్టుకోదు. ఆకు కొస సన్నగా సాగి స్ప్రింగులా తిరిగి ఉంటుంది చూడండి, ఆ కొసే పట్టుకుంటుంది. దాని పట్టుకు అందేది పెన్సిలంత లావో, ఇంకా సన్ననిదో కావాలి. వెదురు బొంగు, ఇనుప పైపు పాతి ఎదురుచూస్తే ఆకు జారిపోతుంది, తీగ కుప్పగా పడుతుంది. మన దగ్గర ఖర్చులేని పని కందికట్టె. కొమ్మలు కొమ్మలుగా ఉన్న ఎండు కందికట్టెలు నాలుగైదు కుండీ అంచున గుచ్చి పైన కట్టేస్తే చాలు. పత్తికట్టె కూడా పనికొస్తుంది, అయితే దాని మీద పురుగు గుడ్లుంటాయి కాబట్టి బాగా ఎండినదే తీసుకోండి. 5 నుంచి 6 అడుగుల ఎత్తు కావాలి. మొలక రాకముందే గుచ్చేయాలి. తర్వాత గుచ్చితే కట్టె దిగేది దుంపలోకే.

అనంతపురం వాళ్ళకు ఇంకో జాగ్రత్త, గాలి. జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి ఎంత జోరో మీకు చెప్పక్కర్లేదు. మిద్దె మీద ఇంకా ఎక్కువ. ఈ తీగ చాలా పెళుసు. మొలక అరడుగు ఉన్నప్పుడు తల విరిగితే ఆ కొమ్ము ఆ ఏడాదికి మళ్ళీ లేవడం అరుదు. పడమర వైపు పిట్టగోడ చాటునో, రెండు వరసల పెద్ద కుండీల వెనకో ఉంచండి. షేడ్‌నెట్ ముక్కను తెరలా కట్టినా సరే. ఉదయం ఎండ తగలాలి, మధ్యాహ్నం ఎండకు మొదలు దగ్గర నీడ పడాలి. మొదలు చుట్టూ పొట్టి మొక్కలున్న కుండీలు పెడితే ఆ పని జరిగిపోతుంది.

మందులచీటీ_ప్రొద్దుటూరు:

విషం అన్నది పూర్తిగా నిజం. పాప ఉన్న ఇల్లు కాబట్టి వివరంగా రాస్తాను.

దీంట్లో ఉండేది కొల్చిసిన్. గౌటు కీళ్ళనొప్పికి డాక్టర్లు మిల్లీగ్రాముల లెక్కన ఇచ్చే మందే అది. ఆకు, పువ్వు, తీగ, అన్నింటిలోనూ ఉంటుంది. దుంపలోనూ గింజలోనూ ఎక్కువ. ఉడికిస్తే పోతుందనుకోవద్దు, వంట వేడికి అది చెడదు. జరిగే ప్రమాదాల్లో చాలావరకు గెనుసుగడ్డ అనుకుని దుంపను తినడమే. అందుకే ఇసుకపెట్టె వంటింట్లో, ఉల్లిపాయలు, గెనుసుగడ్డలు పెట్టే చోట అసలు ఉంచొద్దు. పెట్టె మీద పెద్ద అక్షరాలతో “విషం, తినేది కాదు” అని రాసి ఎత్తున పెట్టండి.

తిన్న వెంటనే ఏమీ తెలియదు, ఇదే దీంతో పెద్ద ప్రమాదం. కొన్ని గంటల తర్వాత గొంతుమంట, వాంతులు, నీళ్ళ విరేచనాలు మొదలవుతాయి. మరుసటి రోజుకు కాస్త తేరుకున్నట్టు కనిపించొచ్చు. ఆ తర్వాతి రోజుల్లో కిడ్నీ, కాలేయం, గుండె దెబ్బతింటాయి, ఎముకల మూలుగ రక్తకణాలు చేయడం తగ్గించేస్తుంది. బతికి బయటపడిన వాళ్ళకు రెండో వారంలో జుట్టు రాలుతుంది. మామూలుగా ఆసుపత్రుల్లో దొరికే విరుగుడు మందు లేదు. ఎంత తొందరగా చేర్చి కనిపెట్టుకుని ఉంటే అంత మంచిది. కాబట్టి నోట్లో పెట్టుకున్నట్టు అనుమానం వచ్చినా లక్షణాల కోసం ఆగకుండా 108కి చెప్పి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి. మొక్క ముక్క ఒకటి కవరులో వేసి వెంట తీసుకెళ్ళండి. ఇంట్లో వాంతి చేయించొద్దు, చింతపండు రసం, ఉప్పునీళ్ళు లాంటివి తాగించొద్దు.

మేకలకు, ఆవులకు కూడా విషమే. ఎండు తీగను కూడా మేకలకు అందేచోట పారేయొద్దు. దుంప కోసిన కత్తి, తవ్విన చిన్న పార ఆ పనికే ఉంచండి. గ్లోవ్స్ వేసుకోండి, చర్మం పగిలి ఉన్నవాళ్ళకు రసం తగిలితే దురద, మంట వస్తాయి.

కాన్పు సులభమవుతుందని దుంప నూరి పొట్టకు, అరికాళ్ళకు రాయడం ఇప్పటికీ కొన్ని చోట్ల ఉంది. తేలు కుట్టినా రాస్తారు. దయచేసి ఎవరూ ఆ పని చేయొద్దు. మందుకూ చావుకూ మధ్య దూరం చాలా తక్కువ ఉన్న మొక్క ఇది.

పేరు దగ్గర ఇంకో పొరపాటు జరుగుతోంది. ఆయుర్వేదంలో వత్సనాభి అనేది హిమాలయాల్లో పెరిగే వేరే మొక్క. దాని విషం వేరు, అది గంటలోపే గుండె లయను తప్పిస్తుంది. మన అడవినాభికీ దానికీ చుట్టరికం లేదు. ఆసుపత్రిలో “నాభి” అని ఒక్క ముక్క చెబితే డాక్టరుకు అర్థం మారిపోతుంది. అడవినాభి, అగ్నిశిఖ అని రెండు పేర్లూ చెప్పండి. శాస్త్రీయనామం గ్లోరియోసా సుపెర్బా అని ఫోనులో రాసిపెట్టుకుంటే ఇంకా మంచిది.

కొండపూలు:

చివరి ప్రశ్నకు జవాబు: రెండూ ఒకటే. గ్లోరియోసా సుపెర్బా సహజంగా ఆఫ్రికాలోనూ ఉంది, భారతదేశం, శ్రీలంక నుంచి ఆగ్నేయాసియా దాకానూ ఉంది. ఎవరో అక్కడి నుంచి తెచ్చి మనకు పంచింది కాదు. లిన్నేయస్ 1753లో పేరు పెట్టాడు. లిల్లీ అంటారు గానీ ఇప్పుడు దీన్ని లిల్లీ కుటుంబంలో ఉంచరు, కొల్చిసిన్ పేరుకు మూలమైన కొల్చికమ్ కుటుంబంలో ఉంచుతారు.

జింబాబ్వేకు ఇది జాతీయ పుష్పం. ఆ దేశం ఇంకా బ్రిటిష్ వాళ్ళ దక్షిణ రొడీషియాగా ఉన్నప్పుడు, 1947లో వచ్చిన యువరాణి ఎలిజబెత్‌కు ఈ పువ్వు ఆకారంలో వజ్రాల బ్రోచ్ ఇచ్చారు. 1980లో స్వాతంత్ర్యం వచ్చి దేశం పేరే మారినా పువ్వు మారలేదు. వలస పాలకుల నగకెక్కిన పువ్వును కొత్త దేశం కూడా తనదిగా ఉంచుకుంది. అది ఆ మట్టిలో వానొస్తే తనంతట తాను లేచే పువ్వు కాబట్టి అలా జరిగిందని నాకనిపిస్తుంది. మన పక్కనే తమిళనాడుకు కూడా ఇదే రాష్ట్ర పుష్పం, సెంగాందళ్ అంటారు. మనకు మల్లె, తెలంగాణకు తంగేడు. తంగేడు లాగే ఇదీ ఎవరూ నాటకుండా కంపల్లో పూసేదే.

నల్లమల, లంకమల, శేషాచలం పొదల్లో వానాకాలం చివర్లో కనిపిస్తుంది. కనిపించిందని తవ్వి తేవొద్దు. అభయారణ్యంలో మొక్కను పెకలించడం 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద నేరం. అదీగాక పూతలో ఉన్న దాన్ని తవ్వితే కొత్త దుంప ఊరదు, తెచ్చిన వాళ్ళకూ మిగలదు, అడవికీ మిగలదు. తమిళనాడులో గింజ కోసం దీన్ని ఎకరాల్లో సాగు చేస్తారు, దుంపలు అలా పెంచినవే కొనండి.

మిద్దెతోట_అనంత:

అందరికీ చాలా థ్యాంక్స్. మిగతా రెండూ తవ్వాను, గట్టిగా ఉన్నాయి, నాలుగు మొనలూ బాగున్నాయి. మొదటి దుంపకూ రెండు మొనలున్నాయి. అన్నీ ఆరబెట్టాను. చివరిగా ఒకటి: కొమ్ములు విడదీసి ఎక్కువ మొక్కలు చేసుకోవచ్చా? గింజల నుంచి పెంచడం ఎలా?

దుంపలమడి_కడప:

విడదీయొచ్చు, ఇప్పుడు కాదు. నాటడానికి నాలుగు రోజుల ముందు, రెండు కొమ్ములు కలిసే మెడ దగ్గర పదునైన కత్తితో ఒక్క కోత కోయండి. కోసిన చోట కట్టెల బూడిద అద్ది నీడలో ఆరనివ్వండి. కొమ్ము 40 గ్రాములకు తక్కువుంటే విడదీయకండి. రెండు బలహీనమైన మొక్కల కంటే పూసే మొక్క ఒకటి మేలు.

గింజ కావాలంటే మీరే పూనుకోవాలి. పువ్వు తల కిందికి వేలాడుతుంది, రేకలు ఆరూ వెనక్కి ముడుచుకుంటాయి, అండాశయం నుంచి కీలం లంబంగా పక్కకు తిరిగి కేసరాలకు దూరంగా పోతుంది. దాని పుప్పొడి దానికి అందడం తక్కువ. సీతాకోకలు, తేనెపిట్టలు వస్తే సరే, టౌనులో మిద్దె మీదికి అవి ఎన్ని వస్తాయో చెప్పలేం. విచ్చిన మొదటి రెండు మూడు రోజుల్లో, రేకల్లో ఇంకా పసుపు ఉన్నప్పుడు, ఉదయం పూట కేసరం పగిలి పసుపు పొడి కనిపిస్తే దాన్ని తుంచి, వేరే మొక్క పువ్వు కీలం కొసన మూడుగా చీలిన చోట రుద్దండి. వేరే మొక్కదైతే కాయ బాగా నిలుస్తుంది. వాన తుంపర ఉన్న రోజు చేసినా ఫలితం ఉండదు.

కాయ రంగు మారి ముడతలు పడగానే, పగలకముందే కోయండి. పగిలితే లోపల గింజలు నారింజ ఎరుపులో మెరుస్తాయి, పాప చేతికి ముందు అవే దొరుకుతాయి. పైపొర గట్టిది కాబట్టి గరుకు కాగితం మీద కాస్త రుద్ది, ఒక రాత్రి నానబెట్టి, ఇసుక కలిపిన మట్టిలో అరంగుళం లోతున జూన్‌లో వేయండి. మొలకలు ఒకేసారి రావు, కొన్ని నెల తర్వాత, కొన్ని మరుసటి వానలకు వస్తాయి. కుండీ పారేయకండి. గింజ మొక్క పూయడానికి మూడేళ్ళు పట్టొచ్చు. మొదటి ఏడాది దాని దుంప వేరుశనగ గింజంతే ఉంటుంది. తీగ ఎండగానే తవ్వకుండా ఆ కుండీని వాన తగలని చోట అలాగే ఉంచి, మళ్ళీ మృగశిరకు నీళ్ళు పెట్టండి.